ఐదు ఖాళీ సంచులు

గణపతిరావు మాస్టారు లెక్కల్లో పులి అని అరకులో పేరు. ఆ పేరు బడి గేటు దాకానే చెల్లుతుంది. గేటు దాటి ఇంటి మెట్టెక్కాక ఆ పులి ఏమవుతుందో ఆయన భార్య రత్నాలుకి తెలుసు, ఏడాదిగా అంట్లు తోముతున్న ఆయన చేతులకీ తెలుసు.

ముందు ఆ అంట్ల సంగతి చెప్పాలి. కిందటి ఎండాకాలం రత్నాలు అక్కకూతురు బిందుమాధవి సెలవులకి వచ్చింది. విశాఖపట్నంలో బొమ్మలూ డిజైన్లూ చదువుకునే పిల్ల. ఉన్న పది రోజుల్లో ఆరు రోజులు వానే. ఏమీ తోచక అట్టముక్కలు కత్తిరించి, రంగులేసి, ‘సంత’ అని ఒక ఆట తయారుచేసింది. దాన్ని పిన్నికీ బాబాయికీ నేర్పి, చక్కగా సాగుతున్న కాపురంలో చిచ్చు పెట్టి, పొద్దున్న రైలెక్కి వెళ్లిపోయింది.

ఇది పేకాట లాంటిది కాదు. పేకలో అందరికీ కలిపి ఒకటే కట్ట. ఇందులో ఎవరి కట్ట వారిదే, ఆడుతూ ఆడుతూ పెంచుకోవాలి. మొదట తలా పది చింతపండు కార్డులు ఇస్తారు. చింతపండు విలువ ఒకటి. వంతుకి ఐదు కార్డులు తీసి పరిచి, వాటి విలువకి తగ్గ సరుకు మధ్యలో ఉన్న సంతలో కొనుక్కోవాలి. పసుపు విలువ రెండు, మిరియాల విలువ మూడు. కొన్నది మన కట్టలో కలుస్తుంది. కట్ట అయిపోతే అన్నీ కలిపి మళ్లీ మొదలు. ఒక వంతులో ఎనిమిది విలువ పోగైతే ఒక కొండ కార్డు కొనుక్కుని పక్కన పెట్టుకోవచ్చు. కొండలు పదకొండు. అవి అయిపోయేసరికి ఎవరి దగ్గర ఎక్కువుంటే వారిది గెలుపు.

ఇంతవరకూ చంటిపిల్లలకైనా అర్థమవుతుంది. మాస్టారి కొంప ముంచింది గోనెసంచి కార్డు.

గోనెసంచిని కూడా సంతలోనే రెండిచ్చి కొనుక్కోవాలి, కానీ దానికి సొంత విలువ లేదు. ఆ వంతులో అంతకుముందు ఎన్ని సరుకు కార్డులు పరిచారో అదే దాని విలువ. నాలుగు సరుకులు పరిచి ఆఖర్న సంచి వేస్తే సంచి విలువ నాలుగు. సంచి ముందేస్తే సున్నా. పైగా వంతుకి ఒక్క సంచే చెల్లుతుంది. రెండోది వచ్చినా ఊరికే చేతిలో బరువు.

మాస్టారి నాన్నగారు మాడుగుల సంతలో ఎండుమిరపకాయలు అమ్మేవారు. పొద్దున్నే వెళ్లి, ముందు గోనెసంచి దులిపి నేలమీద పరిచి, దానికి దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాతే కాయలు కుమ్మరించేవారు. సంచి పరవనిదే బోణీ లేదు. ఆ సంచి మూల కూర్చుని ఎక్కాలు బట్టీపట్టిన మాస్టారికి ఆ అలవాటు ఎముకల్లో ఇంకిపోయింది. చేతిలోకి సంచి కార్డు వస్తే చాలు, ముందు దాన్ని టపీమని పరిచేసేవారు.

“బోణీ!” అనేవారు.

“సున్నా,” అనేది రత్నాలు.

“అదేటే, ఇంకా నాలుగు చింతపండు కార్డులున్నాయి చూడు.”

“వాటికి నాలుగు. అవి ముందేసి సంచి ఆఖర్నేస్తే ఎనిమిదయ్యును కదండీ. కొండొచ్చును.”

“సంచి పరవకుండా సరుకెక్కడ పోస్తావే? నేలమీదా?”

“ఇది అట్టముక్కండీ బాబూ. మావయ్యగారి కొట్టు కాదు.”

“మా నాన్నని అనకు.”

“మావయ్యగారిని అనలేదు. ఆయన కడుపున పుట్టిన లెక్కల మాస్టారిని అన్నాను.”

పందెం అంట్లు. ఓడినవాళ్లు తోమాలి. లెక్కల మాస్టారితో లెక్కల ఆట ఆడి ఎవరు గెలుస్తారులే అన్న ధీమాతో ఆ పందెం పెట్టింది కూడా మాస్టారే. అరకులో జనవరి నెల పంపునీళ్ల సంగతి అక్కడ కాపురమున్నవాళ్లనే అడగాలి. ఆ నెలంతా మాస్టారు వేళ్లు కొంకర్లు పోయి, సుద్దముక్కని రెండు చేతులతో పట్టుకుని బోర్డుమీద రాశారు. ఇదేదో కొత్త పద్ధతి కాబోలనుకుని పిల్లలు కూడా రెండు చేతులతో పెన్ను పట్టారు.

ఇదంతా సరదా. జూన్ మూడో వారంలో వచ్చిన కబురు మాత్రం సరదా కాదు.

ఒకే బడిలో ఎనిమిదేళ్లు నిండిన మాస్టర్లు కదలాలి. ఎక్కడికి కావాలో ఫోన్లోనే ఎంచుకోవాలి. గడువు ఆదివారం సాయంత్రం అయిదు గంటలు. మాస్టారికి ఎనిమిదేళ్లూ నిండాయి. ఎంచుకోవడానికి రెండు ఖాళీలు తగిలాయి. ఒకటి చోడవరంలో, రత్నాలు పుట్టింటికి రెండు వీధుల అవతల. రెండోది బొర్రా దగ్గర చిన్న బడి, అరకులో ఇల్లు కదలకుండా రోజూ రైల్లో వెళ్లి రావచ్చు.

ఇప్పుడు అసలు ముడి చెప్పాలి. ఎనిమిదేళ్ల కిందట అరకు వేసినప్పుడు మాస్టారు భార్యకి ఒక మాట ఇచ్చారు. “రెండేళ్లే రత్నం. రెండేళ్లు కళ్లు మూసుకో. మూడో ఏడు నిన్ను చోడవరంలో దింపకపోతే అడుగు.” రత్నాలు కళ్లు మూసుకోలేదు, నోరు కూడా మూసుకోలేదు. “ఈ ముసురు ఒగ్గదేటండీ. బట్టలారి చచ్చేయా? ఉప్పు నీరైపోతన్నాది, అప్పడం తోలైపోతన్నాది.” ఈ పాట ఎనిమిదేళ్లుగా ఇంట్లో రేడియోలా మోగుతూనే ఉంది.

మాస్టారికి వెళ్లాలని లేదు. పెరట్లో సిల్వర్ ఓక్ చెట్టుకి ఆయన స్వయంగా పాకించిన మిరియం తీగ ఈ ఏడే మొదటిసారి గుత్తులు వేసింది. కాఫీతోట పక్కనుంచి బడికి నడుస్తుంటే వెనక పిల్లలు పందొమ్మిదో ఎక్కం పాటలా పాడుకుంటూ వస్తారు. చోడవరంలో ఎవరొస్తారు? బావమరిది లక్ష్మీప్రసాద్ వస్తాడు. ఊళ్లో అతన్ని సలహాల ప్రసాద్ అంటారు. నిద్రలేచిన దగ్గర్నుంచి ఎవరో ఒకరికి సలహా ఇవ్వందే అతనికి టిఫిను అరగదు.

ఆ సలహాల ప్రసాద్ బుధవారమే ఫోన్ చేశాడు. “బావా, మా పై పోర్షను ఖాళీ సేయించేసేను. రోజూ పొద్దున్న అయిదింటికి మనిద్దరం వాకింగు. నీ పొట్ట సంగతి నాకొగ్గేయ్.”

మాస్టారు పొట్టమీద చెయ్యి వేసుకుని దిగులుపడ్డారు. వెళ్లనని రత్నాలుతో చెప్పేస్తే పోయేదే. చెప్పడానికి నోరు రాలేదు. మాట ఇచ్చింది తను. ఆరేళ్లు అరువు పెట్టింది తను. ఇప్పుడు ఏ మొహంతో ఎగ్గొడతాడు? అందుకని లెక్కల బుర్రతో ఒక ఉపాయం ఆలోచించారు. తనంతట తాను మాట తప్పకూడదు. అట్టముక్కలు తప్పిస్తే ఆ పాపం అట్టముక్కలదే.

గురువారం పొద్దున్న ఆయన వరండాలో కూర్చుని సంచి కార్డుని తిప్పి తిప్పి చూస్తుంటే లోపల్నుంచి రత్నాలు కేకేసింది.

“ఏవండీ, మీ సెల్లుకి ఓటీపీ వచ్చిందేటో చూడండి.”

“గ్యాసుకేనా?”

“బేగి చెప్పండి, టైమైపోతాది.”

మాస్టారు ఆరంకెలూ చదివేశారు. లెక్కల మనిషి కాబట్టి స్పష్టంగా, రెండుసార్లు చదివారు. కళ్లు మాత్రం సంచి మీంచి తియ్యలేదు.

రత్నాలు బయటికి వచ్చి కుట్టుమిషన్ ముందు కూర్చోగానే మాస్టారు గొంతు సవరించుకున్నారు.

“రత్నం, ఆదివారం ఒక ఆట ఆడదాం. అంట్ల పందెం కాదు. గెలిచినవాళ్లు బడి ఎంచాలి. ఓడినవాళ్లు మారుమాటాడకూడదు.”

రత్నాలు మిషన్ ఆపి ఆయన్ని ఎగాదిగా చూసింది. “మీరు గెలిస్తే ఏ బడి ఎంచుతారేటి?”

“గెలిచాక చెప్తాను.”

“ఇప్పుడే చెప్పొచ్చు కదా.”

“ఆట రూలు అది.”

“ఆ రూలు బిందు చెప్పలేదే!”

“బిందు చిన్నపిల్ల, దానికేం తెలుసు?”

“సరే, మీ ఇష్టం,” అని రత్నాలు మళ్లీ మిషన్ తొక్కింది. మిషన్ చప్పుడులో ఆమె నవ్విందో దగ్గిందో మాస్టారికి తెలియలేదు.

శుక్రవారం అరకు సంత. మాస్టారు ప్రాణం నిలవక సోంబరు కోసం వెతుక్కుంటూ వెళ్లారు. సోంబరుకి రెండెకరాల కాఫీతోట ఉంది. మాస్టారి మిరియం తీగకి మొక్క ఇచ్చిందీ, దాన్ని ఎలా పాకించాలో చూపించిందీ అతనే. ఎవరినైనా ‘నువ్వు’ అనే పిలుస్తాడు, కలెక్టరైనా సరే. మాస్టారు వెళ్లేసరికి అల్లం గోనెలో నింపుతున్నాడు. దారిలో అల్లం, కందిపప్పు అమ్ముకుంటున్న ఆడవాళ్లు మాస్టారిని చూసి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. గొడుగు చిరిగినందుకు కాబోలనుకుని మాస్టారు దాన్ని ముడిచేశారు.

“సోంబరూ, సంచి ముందా, సరుకు ముందా?”

“ఏటి సారూ?”

“అదే, నువ్వు సంచిని ఎప్పుడు లెక్కలోకి తీసుకుంటావు?”

సోంబరు ఆయన్ని జాలిగా చూశాడు. “ఖాళీ సంచిని ఎవులు లెక్కెడతారు సారూ? పిడికెడు పిడికెడు పొయ్యాల. పుచ్చుదో సన్నదో, అన్నీ అందులోకే. ఆకర్న మూతి నారతో బిగించి కడితే, అప్పుడది మూట. అప్పుడే లెక్క.”

మాస్టారికి తల మీద ఎవరో టార్చిలైటు వేసినట్టయింది. ఏడాది అంట్లు కళ్లముందు తిరిగాయి. రత్నాలు అన్నదీ ఇదే. అయితే పెళ్లాం చెబితే అది వాదన, సోంబరు చెబితే అది జ్ఞానం. సంచి ఆఖర్న వెయ్యాలి, అంతే!

అక్కడితో ఆగి ఉంటే ఆయన గెలిచేవారు. లెక్కల బుర్ర అక్కడితో ఆగదు. ఒక్క సంచి ఇంత పనిచేస్తే, సంచి చేతికి రాని వంతంటూ లేకుండా చేసుకుంటే? బిందు గీసిన సంచులు ఆరే. తన కట్టలో పది ఉంటే?

“సోంబరూ, సంచులెక్కువుంటే మంచిదే కదా?”

“సంచులెక్కువుంటే గది నిండుతాది సారూ, కడుపు నిండదు,” అన్నాడు సోంబరు మూతి బిగిస్తూ. “ఎందుకంత కంగారు నీకు?” అని ఇంకేదో అనబోయి, పక్కన భార్య మోచేత్తో పొడిస్తే ఊరుకున్నాడు.

మాస్టారు ఆ మోచెయ్యి చూశారు గానీ పట్టించుకోలేదు.

శనివారం బడిలో ఖాళీ పీరియడ్‌లో బిందు వదిలేసిన తెల్ల అట్టముక్కల మీద ఎనిమిది గోనెసంచులు గీశారు. రంగు కోసం ఎర్రసిరా, నీలంసిరా కలిపారు. డ్రాయింగు మాస్టారు ఫల్గుణ వెనకనుంచి తొంగిచూసి, “వంకాయలు బాగొచ్చాయండీ, ముచ్చిక ఒక్కటే కొంచెం లావైంది,” అని మెచ్చుకున్నాడు. మాస్టారు వాటిని జేబులో పెట్టుకున్నారు.

ఆ మూడు రోజులూ ఇంట్లో మాస్టారి ప్రవర్తన చూస్తే కొత్తల్లుడు కూడా సిగ్గుపడాలి. పొద్దున్నే లేచి టీ పెట్టారు. ఆరని బట్టలు తిరగేశారు. అడక్కుండా మిషన్‌కి నూనె వేశారు.

“గ్యాసు బండ ఇంకా రాలేదేటే?” అని కూడా అడిగారు.

“వస్తాది లెండి,” అంది రత్నాలు టీ తాగుతూ.

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకి బయట వాన మొదలైంది, లోపల చాపమీద ఆట మొదలైంది. పక్కనే పీటమీద ఫోన్. గెలిచినవాళ్ల కోసం.

మొదటి సంచి రాగానే అలవాటు కొద్దీ మాస్టారి చెయ్యి నేలమీదకి దిగబోయింది. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని ఆపారు. ముందు రెండు మిరియాలు పరిచారు, రెండు చింతపండు పరిచారు. అప్పుడు మెల్లగా, మూట కడుతున్నవాడిలా, సంచి వేశారు.

“సరుకు ఎనిమిది, సంచి నాలుగు. పన్నెండు!”

“అమ్మో! ఎవులు నేర్పేరండీ?”

“నేర్పడమేటి? లెక్కల మాస్టారిని.”

“ఏడాదికి గుర్తొచ్చిందన్నమాట!”

గంట తిరిగేసరికి మాస్టారి దగ్గర నాలుగు కొండలు, రత్నాలు దగ్గర రెండు. న్యాయంగా, ధర్మంగా, సొంత తెలివితో గెలుస్తున్నారు. ఆ సంగతి ఆయనకి తెలిస్తే ఎంత బాగుండేది!

“టీ పెట్టి తెస్తాను,” అని రత్నాలు వంటింట్లోకి వెళ్లింది. మాస్టారు జేబులోంచి ఎనిమిది సంచులు తీసి తన కట్టలో కలిపేశారు. అంతలో ఇంకో మెరుపు మెరిసింది. ఈ చింతపండు కార్డులు దేనికి, ఒకటీ ఒకటీ విలువ చేసే చెత్త? ఇవి అడ్డం రాకుంటే మంచి సరుకే చేతికి వస్తుంది కదా. పదింటినీ ఏరి లుంగీ కింద తొడకింద పెట్టి వాటిమీద కూర్చున్నారు. ఇక కట్టలో మిగిలింది మూడు మిరియాలు, ఒక పసుపు, ఆయన కొన్నవి రెండు సంచులు, గీసినవి ఎనిమిది.

రత్నాలు వచ్చి టీ ఇచ్చింది. మాస్టారు మొదటి వంతుకే రెండు మిరియాలు, సంచి వేసి ఐదో కొండ కొట్టారు. రత్నాలు ఆ సంచి కార్డు ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది.

“ఇదేటండీ, వంకాయా?”

“గోనెసంచి.”

“ముచ్చికుందే!”

“మూతి కట్టిన సంచి.”

“మరి ఊదారంగేటి?”

“వానకి తడిసింది.”

“సరే లెండి. గుత్తొంకాయి కూరొండుకోడానికైనా పనికొస్తాది,” అని రత్నాలు కార్డు తిరిగి ఇచ్చేసి, తన చింతపండు, తన పసుపు ఓపిగ్గా పరుచుకుంటూ కూర్చుంది.

అక్కణ్ణుంచి మాస్టారి సంత మూతపడింది. ఇంకొక్క కొండ చాలన్న ధీమాతో సరుకు కొనడమే మానేశారు. ఒక వంతులో మిరియాలు ఒకటి, సంచులు నాలుగు. చెల్లేది ఒక్క సంచి, దాని విలువ ఒకటి. మొత్తం నాలుగు. ఇంకో వంతులో మిరియాలూ పసుపూ వస్తే మొత్తం ఏడు. కొండ ఎనిమిది. అప్పుడు మాస్టారికి తొడకింద ఒక్క చింతపండు గుచ్చుకున్నట్టనిపించింది. ఆ ఒక్కటీ చేతిలో ఉంటే తన విలువ ఒకటి, సంచిలో ఇంకొకటి. లెక్క ఇప్పుడు అర్థమైంది గానీ దానిమీద తనే కూర్చున్నారు. లేచే వీలు లేదు.

రత్నాలు మూడో కొండ కొంది. నాలుగోది కొంది. నాలుగు గంటలయ్యేసరికి ఐదోది కూడా కొంది. ఐదు, ఐదు. మధ్యలో ఒక్క కొండ మిగిలింది. వంతు మాస్టారిది. ఈ కొండ పోతే అరకు కొండలన్నీ పోయినట్టే. మిరియం తీగ పోయింది, పందొమ్మిదో ఎక్కం పోయింది. మిగిలేది పొద్దున్న అయిదింటికి సలహాల ప్రసాదే.

సరిగ్గా అప్పుడు వీధి తలుపు తోసుకుని సోంబరు వచ్చాడు. నెత్తిమీద గోనెసంచి గొంగళిలా కప్పుకుని, చంకలో నాటుకోడితో. భార్య జాకెట్లు కుట్టినందుకు రత్నాలుకి ఇవ్వడానికి తెచ్చాడు.

“అమ్మా, కోడి,” అని అతను అంటూండగానే, తడిసిన కోడి చంకలోంచి జారి చాప మధ్యలోకి దూకింది. సంతంతా చెల్లాచెదరైంది. పసుపు ఒక మూల, మిరియాలు ఒక మూల. కోడి టీగ్లాసు తన్ని, పీటెక్కి, ఫోన్ మీద నిలబడి రెక్కలు దులిపింది.

“ఫోన్! ఏదో ఒకటి నొక్కేస్తాదే!” అని గణపతిరావు మాస్టారు ఒక్క గెంతు గెంతారు.

కోడి దొరికింది. మాస్టారూ దొరికిపోయారు. లుంగీకి అంటుకున్న చింతపండు కార్డులు ఒక్కొక్కటే రాలి చాపమీద పడ్డాయి. పదోది చివరిదాకా వదల్లేదు. వెనకనుంచి సోంబరు దాన్ని పీకి, తిరగేసి చూసి, మర్యాదగా మాస్టారి చేతికిచ్చాడు.

“సారూ, నీ చింతపండు.”

మాస్టారు ఆ కార్డుని మిగతా తొమ్మిదింటి పక్కన పెట్టారు.

“రత్నం,” అన్నారు మాస్టారు చంకలో కోడితో. “అదేంటంటే, కొంచెం కట్ట బరువెక్కువైందని...”

“తెలుసు లెండి. కూర్చోండి.”

“ఎప్పుడు తెలుసు?”

“టీకి నీళ్లు పెట్టిన దగ్గర్నుంచి. వంటింట్లో స్టీలు డబ్బాలున్నాయి కదా. అందులో మీరు వెనకనుంచి బాగా కనిపిస్తారు.”

“అయితే ఆట రద్దు.”

“ఎందుకు రద్దు? మీ కట్ట మీరు కట్టుకున్నదే. ఆ కట్టతోనే ఆడండి. చింతపండు మాత్రం మీరొద్దనుకున్నారు కాబట్టి పక్కనెట్టండి. మీ వంతు. బేగి కానీండి, నాలుగున్నరవుతాది.”

చెల్లాచెదరైన కార్డులు ఎవరివి వాళ్లకి ఏరి, కట్టలు కలిపి ఇచ్చాడు సోంబరు. మాస్టారు వెంకన్నబాబుకి మనసులో దణ్ణం పెట్టుకుని ఐదు కార్డులు తీశారు. ఒకటి సంచి. రెండోది సంచి. మూడోది ఊదారంగు. నాలుగోది ఊదారంగు. ఐదోదానికి ముచ్చిక ఉంది.

ఐదు సంచులు. ఒక్క గింజ లేదు.

“సున్నా,” అన్నారు మాస్టారు. ఏడాదిలో మొదటిసారి ఆ మాట ఆయనే అన్నారు.

“గది నిండిందా సారూ?” అని అడిగాడు సోంబరు.

రత్నాలు తన ఐదు కార్డులు తీసింది. ఆదరాబాదరా లేదు. చింతపండు పరిచింది. ఇంకో చింతపండు. ఇంకోటి. నాలుగోదీ చింతపండే. నాలుగు చెత్త కార్డులు వరసగా పడుకున్నాయి. వాటి చివర, మూట మూతి బిగించినంత నెమ్మదిగా, గోనెసంచి పెట్టింది.

“నాలుగూ నాలుగూ ఎనిమిది,” అని ఆఖరి కొండ తీసుకుంది.

మాస్టారు తల దించుకున్నారు. ఓడినందుకు కాదు. ఇక మాటాడే హక్కు లేదు, రూలు తనే పెట్టాడు. సరేలే, మాటన్నా నిలబడుతుంది, రత్నం ఎనిమిదేళ్లు ఈ ముసురులో వేగింది, దాని పుట్టింటికి అది వెళ్తుంది, నేనూ వెళ్తాను, వాకింగుకీ వెళ్తాను అనుకున్నారు.

“నొక్కు రత్నం. చోడవరమే నొక్కు.”

రత్నాలు ఫోన్ తీసి, కోడి కాలిగుర్తులు కొంగుతో తుడిచి, తెరిచి ఆయన ముందు పెట్టింది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని చదివారు. ఒకటో ఎంపిక, బొర్రా దగ్గర బడి. పక్కన పచ్చటి టిక్కు. దాఖలు చేసిన రోజు, గురువారం.

మాస్టారు ఇంకోసారి చదివారు. లెక్కల మనిషి కాబట్టి మూడోసారి కూడా చదివారు.

“గురువారమా?”

“మీరే కదా ఓటీపీ చెప్పేరు.”

“అది గ్యాసుకి కదే!”

“గ్యాసని మీరన్నారు. నేనన్నానా?”

“మరి గ్యాసో?”

“ఎవులు బుక్ సేసేరు? బండలో ఇంకా ఉన్నాది.”

మాస్టారి భుజాలు కిందికి దిగాయి. పొట్ట కూడా హాయిగా ముందుకొచ్చింది, ఇక దాన్ని ఎవరూ అయిదింటికి నడిపించరు. మూడు రోజులుగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలేసరికి చాపమీది వంకాయ కార్డులు నాలుగు ఎగిరిపోయాయి.

“మరి చోడవరం? నేను మాటిచ్చాను కదే. నీకిక్కడ ముసురు పడదు కదా. రోజూ తిడతావు.”

“తిడితే? తిట్టినంత మాత్రాన ఒగ్గేస్తామేటి? మిమ్మల్ని పన్నెండేళ్లుగా తిడతన్నాను, ఒగ్గేసేనా?” అంది రత్నాలు. “చోడవరంలో నాకెవులున్నారండీ? శుక్రవారం సంతకొచ్చి కుట్టించుకునేవోళ్లతో ఇక్కడ నా వరండా నిండిపోతాది. ఈ మిషన్ తీసుకెళ్లి మా అన్న పై పోర్షన్‌లో ఎవులికి కుట్టను? మా వదినకి పైటకొంగులా?”

“ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా!”

“మీరు చెప్పొచ్చు కదా! ఎంచింది మార్చుకోడానికి ఆదివారం అయిదు దాకా టైముంది. చోడవరం కావాలని నోరు తెరిచి అంటే మార్చేద్దునే. గురువారమే అడిగేను, ఏ బడి ఎంచుతారని. ఆట రూలన్నారు. ‘ఉండిపోదామే రత్నం’ అని పెళ్లాంతో అనడానికి అట్టముక్కలు కావాలేటండీ?”

మాస్టారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కోడి ఈకలు పడ్డాయని తుడుచుకున్నారు.

“ఉండిపోదామే రత్నం,” అన్నారు.

“ఉంటన్నాం లెండి.”

“అమ్మ మొన్న సంతలో అందరికీ చెప్పింది సారూ, మీరు ఎల్లరని,” అన్నాడు సోంబరు. “నేను చెప్పబోతే మా ఆవిడ పొడిచింది. సారు టీ పెడతన్నాడంట, ఆదివారం దాకా పెట్టనీ అంది.”

అప్పుడు అర్థమైంది మాస్టారికి, సంతలో నవ్వులు గొడుగు చిరిగినందుకు కాదని. అరకు సంతకంతా తెలిసిన సంగతి అరకులో లెక్కల పులికి ఒక్కడికే తెలియలేదు. సిగ్గేసింది. కానీ సిగ్గుకంటే హాయి ఎక్కువగా ఉంది. అందుకని గట్టిగా నవ్వేశారు.

“మరి అన్నీ ముందే అయిపోతే ఈ ఆట దేనికే? రెండున్నర గంటలు నా ప్రాణం తీశావు!”

“అంట్లున్నాయి కదండీ,” అంది రత్నాలు. “మధ్యాహ్నానివీ, ఇప్పుడు టీగ్లాసులూ. కోడి కూరొండితే రాత్రివీ.”

సోంబరుని భోజనానికి ఉండమని చెప్పి ఆమె వంటింట్లోకి వెళ్లింది. మాస్టారు లక్ష్మీప్రసాద్‌కి ఫోన్ చేసి, పై పోర్షను అద్దెకిచ్చుకోమని కబురు చెప్పారు. ఎవరికి ఇవ్వాలో కూడా ఒక సలహా ఇచ్చారు.

తర్వాత అంట్లన్నీ పెరట్లో చూరు కిందికి చేరవేశారు. ఎదురుగా మిరియం తీగ వానలో తడుస్తూ ఉంది. సోంబరు నెత్తిన కప్పుకొచ్చిన గోనెసంచి అడిగి తీసుకుని, దులిపి, నేలమీద పరిచి, దానిమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని మొదటి గిన్నె అందుకున్నారు.

“బోణీ!” అని లోపలికి వినబడేలా కేకేశారు.

“సంచి ముందేసేరు,” అంది రత్నాలు వంటింట్లోంచి. “సున్నా.”